బంతి చివర కూర్చునే మావయ్య

మా పై వాటాలో ఉండే దంపతులు బాలి వెళ్తున్నారు. టిక్కెట్లు కూడా కొనేశారట. మొన్న ఆ అమ్మాయి మెట్ల దగ్గర నన్ను ఆపి, "ఆంటీ, మీరు వెళ్ళొచ్చారుగా, నిజంగా ఫోటోల్లో ఉన్నట్టే ఉంటుందా?" అని అడిగింది. నోటిదాకా వచ్చిన మాట ఒకటుంది. కొత్తగా పెళ్ళయిన పిల్ల, ఇప్పట్నుంచే ఉసూరుమనిపించడం ఎందుకని మింగేసి, "గొడుగు తీసికెళ్ళండమ్మా" అని తప్పించుకున్నాను.

అసలు ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది నేను కాదు. చెప్పాల్సిన మనిషి మొన్న ఊడ్పులు అయిన వారానికే గుండె నొప్పి వచ్చి పోయాడు.

మావయ్య అంటాను గానీ ఆయన మాకు ఏ వైపు నుంచీ చుట్టం కాదు. మా అమ్మ పుట్టిన ఊరివాడు, అంతే. దివిసీమలో కోడూరు దాటాక, కాలవ చివర, ఇంకాస్త ముందుకెళ్తే చౌడు నేలలు తప్ప ఏమీ ఉండని చోట ఆయన ఊరు. సోమవారం సోమవారం బందరు కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారని మొదటి బస్సెక్కి వచ్చేవాడు. అర్జీ ఎప్పుడూ ఒకటే. శివారు భూములకి నీళ్ళు రావడం లేదు. అది ఇచ్చేసి ఎండలో నడుచుకుంటూ మా ఇంటికొచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, "అమ్మాయ్, గిన్నెలో అడుగున ఏది మిగిలితే అదే పెట్టు" అనేవాడు. వినేవాళ్ళకి అది వినయంలా ఉంటుంది. కాదు, పరీక్ష. అడుగున ముక్కలు మిగిలాయా, ఉత్త పులుసే మిగిలిందా అని గరిటె వైపే చూస్తూ కూర్చునేవాడు. ముక్క పడితే తినేవాడు. పడకపోతే కూడా తినేవాడే గానీ, "పైవాళ్ళు లాగేశారన్నమాట" అని మా ఆయన వైపు చూసేవాడు.

ఆయన లెక్కలో మనుషులు రెండే రకాలు. ఎగువవాళ్ళు, శివారువాళ్ళు. ఎగువవాళ్ళంటే కాలవ మొదట్లో పొలాలున్నవాళ్ళు. కాలవకి అడ్డంగా గోనెసంచులు వేసి, ఇంజన్లు పెట్టి, రెండో పంటకీ మూడో పంటకీ తోడుకునేవాళ్ళు. "తోడుకుంటే తోడుకున్నారు. పొద్దున్నే స్నానం చేసి బొట్టెట్టుకుని గుడికెళ్తారు చూడమ్మా, అదీ నాకు మంట" అనేవాడు. ఈ రెండు రకాల్లోనే దేశంలో ఉన్న అందర్నీ సర్దేశాడు. బస్సులో డ్రైవరు వెనక సీటు కోసం తోసుకునేవాళ్ళు ఎగువవాళ్ళు. ఆయన ఎప్పుడూ చిట్టచివరి సీట్లో ఎగిరెగిరి పడుతూ వచ్చేవాడు. "రోడ్డెలా ఉందో ముందు కూచున్నోడికేం తెలుస్తది?" అని అదొక గర్వం.

ఏం చెప్పినా ఆయన అడిగేది ఒక్కటే. మీ వైపు కొత్త రోడ్డు వేశారట కదా మావయ్యా అంటే, "చివరిదాకా ఏశారా?" మా అబ్బాయికి క్లాసులో మొదటి ర్యాంకు వచ్చిందని నేను స్వీటు చేతిలో పెడితే, అది నోట్లో వేసుకుని, "ఆ క్లాసులో చివరోడికి ఎన్నొచ్చినయ్యో చెప్పు, పంతులు ఎలాంటోడో నే చెబుతా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతుంది. మంచి మాట చెప్పడానికి నోరు రాని మనుషులుంటారు, వాళ్ళల్లో ఆయన ముందు వరసలో ఉండేవాడు. అక్కడ మాత్రం చివర కాదు.

పెళ్ళిళ్ళలో చూడాలి ఆయన్ని. పామర్రులో మా తోడికోడలి కూతురి పెళ్ళి. బంతులు వేశారు. అందరూ ఫ్యాన్ కిందకి, వంటశాల గుమ్మం దగ్గరకి పరిగెడుతుంటే ఈయన తాపీగా నడుచుకుంటూ వెళ్ళి వరసలో ఆఖరి కుర్చీలో కూర్చున్నాడు. ఆకు మీద నీళ్ళు చల్లుకుని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని వడ్డించేవాళ్ళనే చూస్తున్నాడు. గుత్తి వంకాయ బేసిన్ సగం బంతికే అడుగంటింది. వడ్డించే కుర్రాళ్ళు మళ్ళీ తెస్తామని లోపలికి వెళ్ళారు. ఆయన కలుపుకోలేదు. పక్కవాళ్ళు పప్పూ సాంబారూ దాటి పెరుగులోకి వచ్చేశారు. ఆయన ఆకులో అన్నం చల్లారిపోయింది. పెళ్ళికూతురి తండ్రి చూసి, పరిగెత్తుకొచ్చి, "బాబాయిగారూ, ఏవైంది?" అంటే, "ఏం లేదయ్యా, వంకాయ వస్తదని కూచున్నా. తొందరేం లేదు" అన్నాడు. ఆ తండ్రి మొహం చూడలేకపోయాను. చివరికి వంకాయ వచ్చింది. ఒక్కటి వేయించుకుని, తిని, చెయ్యి కడుక్కుని, "పర్లేదు, ఈ ఇంటి పిల్లని చేసుకోవచ్చు" అన్నాడు. పెళ్ళి అప్పటికే అయిపోయింది.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఒకటే అని మా ఆయన వేళాకోళమాడాడు. "ఆ సామెత కట్టినోడు ఎగువ రైతు అయ్యుంటాడు" అన్నాడు మావయ్య. "వడ్డించేవోడు ఎవడోడైనా కడబంతికి అందాల. అదీ వడ్డనంటే."

తర్వాత బఫేలు వచ్చాయి. ఆయనకి శత్రువు పోయినట్టయింది, ఇక ఎవర్ని పరీక్ష చెయ్యాలి? ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడినవాళ్ళని చూసి, "అందరూ ఎగువోళ్ళయిపోయారు" అని, మజ్జిగ తాగి వచ్చేసేవాడు.

ఆయన పొలం ఒక్కసారే చూశాను. వాళ్ళ గృహప్రవేశానికి వెళ్ళినప్పుడు తీసికెళ్ళాడు. బోదె గట్టు మీద నడిపించాడు. బోదె అంటే కాలవలోంచి పొలాలకి తీసే చిన్న పాయ. అందులో నాచు పట్టిన నీళ్ళు చీలమండ లోతు కూడా లేవు. "ఇదిగో అమ్మాయ్, కృష్ణమ్మ ఇక్కడిదాకా వచ్చి ఆగిపోద్ది. ప్రకాశం బ్యారేజీ కాడ బయల్దేరిన నీళ్ళు ఎంతమంది చేతులు దాటి రావాలో చూడు. మా తర్వాత ఇంక ఎవరూ లేరు. సముద్రమే" అన్నాడు. ఆ చివరి మాట అనేటప్పుడు ఆయన గొంతు ఎలా ఉండేదంటే, రాజులు వంశం పేరు చెప్పుకునేటప్పుడు అలా ఉంటుందేమో.

ఆయన గట్టుకి దిగువన ఒక చిన్న మడి ఉంది. అందులో ఒకతను మురుగు కాలవలోంచి బకెట్టుతో నీళ్ళు తెచ్చి నారుకి పోస్తున్నాడు. ఎవరు మావయ్యా అని అడిగాను.

"ఏసుపాదం. పక్క పేటోడు. అది చేనేంటమ్మా, చౌడు. ఉప్పు పండుద్ది అక్కడ" అని, మళ్ళీ ఎగువవాళ్ళ సంగతి ఎత్తుకున్నాడు. నేనూ మళ్ళీ అటు చూడలేదు.

ఇలాంటి మనిషి బాలి ఎందుకొచ్చాడని కదా? అత్తయ్య వల్ల. అత్తయ్య అంటే ఆయన భార్య. ఆవిడ చెల్లెలికి గుడివాడలో చీరల షాపు. బందరు వాళ్ళం కొందరం, గుడివాడ వాళ్ళు కొందరు కలిసి వెళ్దామని ఆ చెల్లెలే కూడగట్టింది. మావయ్య వినగానే, "మనం పుట్టిందే దీవిలో. అటో పాయ, ఇటో పాయ, కింద సముద్రం. దీవిలోంచి ఇంకో దీవికెళ్ళి చూసేదేంటే?" అన్నాడు. ఎప్పుడూ ఎదురు చెప్పని అత్తయ్య ఆ రోజు చెప్పింది. "పెళ్ళయిన కాడ్నుంచీ నువ్వు నాకు చూపించింది ఆ కాలవే. అది కూడా ఎండిపోయిన కాలవ. పోయేలోపు ఒక్కసారి ఇంకో నీళ్ళు చూస్తా. నువ్వు రాకపోతే మానెయ్, నే వెళ్తా" అంది. ఆయన తువ్వాలు దులిపి భుజం మీద వేసుకుని, "సరే పదండి, అదేంటో తేల్చేద్దాం" అన్నాడు. వెళ్ళడం అలా వెళ్ళాడు, తనిఖీకి.

బాలి సంగతి నా మాట కూడా చెప్పేస్తాను, దాచుకోవడం ఎందుకు. విమానం దిగి హోటలు చేరేసరికి బెజవాడలో ట్రాఫిక్‌ని నానా మాటలూ అన్నందుకు లెంపలు వేసుకున్నాను. స్వర్గం అని రాయని బోర్డు లేదు ఆ ఊళ్ళో. స్వర్గం కాఫీ, స్వర్గం మసాజు, స్వర్గం లాండ్రీ. బీచికి వెళ్తే ముందు రోజు వానకి కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ సీసాలు. మంగినపూడి బీచిలో బురదని తిట్టుకుంటాం గానీ, ఆ బురద మన బురద, దాన్ని ఎవరూ స్వర్గం అనలేదు. హోటల్లో అడుగు పెట్టగానే ఒకావిడ వంగి నమస్కారం పెట్టి మా చెవుల్లో తలా ఒక దేవగన్నేరు పువ్వు దోపింది. గుడివాడ చెల్లెలు మురిసిపోయి అక్కడికక్కడే ఫోటో తీయించుకుంది. మావయ్య ఆ పువ్వు తీసి చూసి, "మా పంచాయితీ ఆఫీసు కాడ రోజూ చీపురుతో తుడిచిపోస్తారు దీన్ని" అని జేబులో వేసుకున్నాడు.

గుళ్ళోకి వెళ్తే నడుముకి గుడ్డ చుట్టుకోవాలన్నారు. అందరికీ చుట్టారు. మావయ్య పంచెతోనే వచ్చాడు కదా, నాకు అక్కర్లేదన్నాడు. వాళ్ళు ఒప్పుకోలేదు. పంచె మీద పువ్వుల లుంగీ చుట్టించుకుని ఆయన నడుస్తుంటే అత్తయ్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆవిడ అలా నవ్వడం నేను చూడ్డం అదే మొదలు.

కొండ మీద ఒక గుడి గుమ్మం ఉంది. అందరి ఫోన్లలోనూ ఉండేదే. రెండు రాతి స్తంభాలు, మధ్యలో ఆకాశం, కింద నిశ్చలంగా చెరువు, చెరువులో ఆ గుమ్మం నీడ. మా గుడివాడ చెల్లెలు అసలు ఆ ఫోటో కోసమే బయల్దేరింది. టోకెన్లు ఇచ్చారు. ఎండలో కూర్చున్నాం. కూర్చుని కూర్చుని, తెచ్చుకున్న జంతికలు తినేసి, పులిహోర తినేసి, ఒకళ్ళనొకళ్ళు విసుక్కుని, చివరికి మా వంతొచ్చింది. మావయ్య అటూ ఇటూ చూసి, "చెరువేదీ?" అన్నాడు.

చెరువు లేదు. ఫోటో తీసేవాడు ఫోను కింద చిన్న అద్దం ముక్క పెడతాడు. ఆ అద్దంలో పడ్డ నీడే చెరువు. కింద ఉన్నది గచ్చు.

నేను సిగ్గుతో చచ్చిపోయాను, అక్కడికి నేనే కట్టినట్టు. మావయ్య మాత్రం ప్రాణం లేచొచ్చినట్టు నవ్వాడు. "భలే! లేని నీళ్ళు ఉన్నట్టు చూపించడం మన కాలవ మీద పెద్దమనుషులకే వచ్చనుకున్నా. ఈళ్ళకీ వచ్చే!" అన్నాడు. ఆ రోజంతా బస్సులో, చివరి సీట్లోంచి, అదే మాట. బాలిలో ఆయనకి నచ్చిన మొదటి వస్తువు ఆ అద్దం ముక్క. తను చెప్పిందే నిజమైందిగా మరి. దూరపు కొండలు నునుపని ఇంట్లో కూర్చుని అనడం వేరు, విమానమెక్కి వెళ్ళి కళ్ళారా చూసి అనడం వేరు.

మర్నాడు వరి చేలు చూపిస్తామన్నారు. నేను నమ్మలేదు. కృష్ణా డెల్టా వాళ్ళని సముద్రాలు దాటించి వరి చేలు చూపిస్తారా? చూపించారు. దానికి టిక్కెట్టు కూడా. కొండవాలు మీద మెట్లు మెట్లుగా మడులు, చుట్టూ కొబ్బరి చెట్లు, నాలుగడుగులకో కాఫీ దుకాణం. పైన పెద్ద ఉయ్యాల. ఆడవాళ్ళకి తోక అంత పొడుగున్న ఎర్ర గౌన్లు అద్దెకిచ్చి, ఉయ్యాలెక్కించి, చేల మీదుగా ఊపి ఫోటోలు తీస్తున్నారు. మా గుడివాడ చెల్లెలు గౌను తొడుక్కుంది. చీరల షాపావిడ, అద్దె గౌనులో, వరి చేను మీద కేకలు పెట్టుకుంటూ ఊగింది. వాళ్ళ షాపులో ఆ ఫోటో ఇప్పటికీ ఉంది, దేవుడి పటం పక్కన.

"వరి చేను చూడ్డానికి టిక్కెట్టు!" అన్నాడు మావయ్య. "ఇన్నాళ్ళూ ఊరికే చూపించేశాం గదే!"

అత్తయ్యా నేనూ నవ్వుతుండగానే ఆయన గట్టు మీదికి వెళ్ళిపోయాడు. ఒక కంకి తుంచి, గింజ గోటితో నొక్కి చూసి, నోట్లో వేసుకున్నాడు. "పాలు పోసుకుంటోంది. ఇప్పుడే నీళ్ళు కావాలి దీనికి. ఇప్పుడు ఆరిపోతే అంతా తాలు గింజలే" అన్నాడు. అంతలో ఆయన కళ్ళు గట్టు మీద ఒక చోట ఆగాయి. గట్టుకి జానెడు వెడల్పున గండి ఉంది. అందులోంచి మడిలో నీళ్ళు బుడబుడమని కిందకి పోతున్నాయి.

"ఏ సన్నాసిదోగానీ చేను, గండి పడితే చూసుకోలేదు" అంటూ పంచె ఎగ్గట్టాడు. అడుసు తొక్కనేల కాలు కడగనేల, ఎవరి చేనో మనకెందుకండీ అని మా ఆయన అంటూనే ఉన్నాడు. ఈయన అప్పటికే మడిలోకి దిగిపోయాడు. రెండు చేతులతో బురద ఎత్తి ఆ గండిలో వేసి, మడమతో తొక్కి, అరచేత్తో నున్నగా అలికేశాడు. నీళ్ళు ఆగిపోయాయి. ఆ పని ఎంత వేగంగా చేశాడంటే, ఆయన చెయ్యలేదు, చేతులు చేశాయి. ఉయ్యాల మీద నుంచి ఆయన గుడివాడ మరదలు, "బావగారు బాలిలో కూడా వ్యవసాయమే!" అని అరిచింది. ఎవరో వీడియో తీశారు. మావయ్య నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, టూరు మొత్తంలో మొదటిసారి తృప్తిగా కనిపించాడు.

అప్పుడు దిగువ నుంచి కేకలు వినిపించాయి. కింద మడిలోంచి ఒక ముసలావిడ, తలకి గుడ్డ చుట్టుకుని, చేతిలో కొడవలితో మెట్లెక్కి వస్తోంది. వస్తూనే మావయ్యని ఒక పక్కకి నెట్టింది. వంగి, ఆయన అలికిన బురదంతా చేత్తో పెళ్ళగించి పారేసింది. నీళ్ళు మళ్ళీ పారాయి. అప్పుడు నిటారుగా నిలబడి, చేత్తో తన గుండె మీద కొట్టుకుని, కింద మడి వైపు చూపించి ఏదో అంది. ఏ భాషో మాకేం తెలుసు. మావయ్య మొహం చూస్తే మాత్రం ఆయనకి ఒక్క ముక్క కూడా వదలకుండా అర్థమైందని తెలిసిపోయింది.

మా గైడు పరిగెత్తుకొచ్చి ఆవిడకి దణ్ణాలు పెట్టి, మాకు ఇంగ్లీషులో చెప్పాడు. నేను మావయ్యకి తెలుగులో చెప్పాను. అది గండి కాదట. పై మడివాడు కింద మడికి వదలాల్సిన వంతు. పైనుంచి కిందిదాకా ప్రతి గట్టుకీ అలాంటి సందు ఉంటుందట. రైతులందరూ గుడి దగ్గర కూర్చుని ఎవరికి ఎంత సందో తేల్చుకుంటారట. దాన్ని మూస్తే అక్కడ పెద్ద తప్పట.

మావయ్య ఆ సందు వైపే చూస్తూ నిలబడ్డాడు. చేతులకున్న బురద కడుక్కోలేదు. ఊళ్ళో ఎగువవాడు ఎవడైనా ఈ పని చేస్తే ఏడు తరాలని తిట్టేవాడే. తర్వాత నన్ను ఒకటే అడిగాడు. "అమ్మాయ్, చిట్టచివర ఎవరున్నారో అడుగు."

గైడుకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఎవరో ఉంటారు, కింద వాగు దాకా మడులే అన్నాడు. మావయ్య గట్టు పట్టుకుని దిగడం మొదలెట్టాడు. బస్సు హారన్ కొడుతోంది. గౌను విప్పేసిన మరదలు, భోజనం టైమైపోయింది, ఈయనొకడు, ఊరంతా ఒక దారి ఉలిపికట్టెదొక దారి అని విసుక్కుంటోంది. నేనూ విసుక్కున్నాను. ఆ పంచె కొబ్బరి చెట్ల మధ్య కనిపించకుండా పోయింది. చాలాసేపటి తర్వాత మోకాళ్ళ దాకా బురదతో, రొప్పుతూ, పైకొచ్చాడు.

"ఉన్నయ్" అన్నాడు అత్తయ్యతో.

"ఏవున్నయ్?"

"నీళ్ళు. ఆఖరి మడిలో."

అంతే. బస్సులో ఆఖరి సీట్లోకి వెళ్ళి కూర్చుని కిటికీ వైపు మొహం పెట్టుకున్నాడు. మిగతా రోజులు ఆయనకి ఏం చూపించినా చూశాడు, పెట్టింది తిన్నాడు. వెక్కిరింతలు లేకపోయేసరికి నాకే ఏమీ తోచలేదు. నిజం చెప్పాలంటే, ఆయన తిట్టకపోతే బాలిలో కాలక్షేపం కూడా లేదు.

తిరిగొచ్చాక ఆ ఊళ్ళో అందరూ అడుగుతారు కదా, ఎలా ఉందేంటని. అత్తయ్య ఫోనులో చెప్పి నవ్వింది. ఎవరడిగినా ఆయన, "ఏం లేదక్కడ. ట్రాఫిక్కూ, పువ్వులూ, ఓ అద్దం ముక్కా" అని ఆపేసేవాడట. బురద సంగతి ఎవరికీ చెప్పలేదట. వీడియో మాత్రం ఊరంతా తిరిగింది, గుడివాడ చెల్లెలి ధర్మమా అని.

ఆ తర్వాత కూడా సోమవారాలు వచ్చాడు. అర్జీ ఇవ్వడం మానలేదు. ఎగువవాళ్ళని తిట్టడం మాత్రం బాగా తగ్గిపోయింది. తింటూ తింటూ మాట మధ్యలో ఆపేసి, "మా తర్వాత ఇంక" అని, మిగతాది అనకుండా మజ్జిగ పోసుకునేవాడు. వయసు మీద పడిందనుకున్నాను.

పెదకర్మకి వెళ్ళాం. కొడుకులిద్దరూ షామియానా కింద బఫే పెట్టించారు. జనం ప్లేట్లు పట్టుకుని తోసుకుంటున్నారు. తండ్రి ఏ మాత్రం తెలిసినా ఆ పని చెయ్యరు. వీళ్ళ కళ్ళకి ఏమీ ఆనినట్టు లేదు. అత్తయ్య గట్టిగా పట్టుబట్టి ఒక పక్కన ఒక్క బంతి మాత్రం వేయించింది. "ఆయనకి బంతి పెట్టకపోతే నేను ముద్ద ముట్టను" అందట. నేను ఆ బంతిలో చివరి కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను. ఆయన చోటు కదా అని కావాలనే కూర్చున్నాను. తీరా చూస్తే నాకు అవతల, షామియానా గుంజ పక్కన, ఇంకో కుర్చీ ఉంది. అందులో నెరిసిన జుట్టుతో ఒకాయన కూర్చుని ఉన్నాడు. తెల్లచొక్కా, జేబులో చిన్న బైబిలు. ఎక్కడో చూశాననిపించింది. బకెట్టు గుర్తొచ్చింది.

"మీరు ఏసుపాదం గారు కదండీ?"

"అవునండి. మీరు బందరు అమ్మాయిగారు. బాలి వెళ్ళినోళ్ళలో మీరు కూడా ఉన్నారంటగా."

ఉన్నానన్నాను. ఆకులు వేశారు. ఆయన ఆకు మీద నీళ్ళు చల్లుకుంటూ తనే మొదలుపెట్టాడు. "ఆ ఊరి నుంచి వచ్చిన రెండో రోజునండి. పొద్దున్నే పలుగు పట్టుకుని నా మడి మీదికొచ్చాడు. తగాదాకి వచ్చాడనుకుని నేనూ కర్ర తీశాను. నాతో ఏం మాట్లాడలేదండి. ఆయన గట్టు ఆయనే కొట్టాడు. జానెడు సందు. అటో రాయి, ఇటో రాయి పెట్టాడు, కోసుకుపోకుండా. నీ వంతు, అన్నాడు. అంతే, ఎళ్ళిపోయాడు."

"అంతకు ముందు?"

"అంతకు ముందు ఏముందండీ? మా నాన్న ఈయన్ని అడిగేవాడు. నాన్న పోయాక నేనడిగాను. నాకే లేవు, నీకెక్కడ్నుంచి తేవాలిరా అనేవాడు. ఆయనకి లేని మాట నిజవేనండి. నీళ్ళున్నప్పుడు కూడా గట్టు ఎత్తే ఉండేది."

 నాకు కలిగింది కోపమో, జాలో, అది ఎవరి మీదో కూడా తెలియలేదు. ఆ మనిషి ఒక జీవితమంతా సోమవారాలు చేశాడు. బందరు ఎండలో, చెప్పులరిగేలా. వెనక్కి తిరిగి ఒక్కసారి దిగువకి చూడ్డానికి సముద్రాలు దాటి, టిక్కెట్టు కొనుక్కుని, ఒక ముసలావిడ చేత నెట్టించుకోవాల్సి వచ్చింది.

వడ్డించేవాళ్ళు గారెలు తెస్తున్నారు. బుట్ట మా దాకా వచ్చేసరికి అడుగున రెండు మిగిలాయి. ఒకటి నా ఆకులో, ఒకటి ఆయన ఆకులో పడ్డాయి.

"ఇంతకీ ఆ బాలిలో ఏముందండీ?" అని అడిగాడు ఏసుపాదం.

"చెప్పుకోడానికి ఏమీ లేదండి. ఫోటోల్లో ఉన్నది ఏదీ అక్కడ ఉండదు. ఇలాంటి వరి చేలే, వాటికి టిక్కెట్టు" అన్నాను. అని, ఆ ముసలావిడ సంగతీ, మావయ్య బురద సంగతీ, ఆఖరి మడి సంగతీ మొత్తం చెప్పాను. ఊళ్ళో ఎవరికీ ఆయన చెప్పనిది. ఏసుపాదం గారె తుంచకుండా చివరిదాకా విన్నాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"అయితే కుర్రతనంలోనే పంపించాల్సిందండి ఆయన్ని" అన్నాడు. "మా నాన్న ఉండగా."